భ తర్వాత మ

బోధన్ పాత బస్టాండు వెనక, ముష్తాక్ అద్దె పుస్తకాల దుకాణం. గురువారం పొద్దున పదకొండు గంటలు. వర్ని పక్కన ఆంధ్ర రైతులు వచ్చి స్థిరపడిన క్యాంపు నుంచి బస్సులో వచ్చిన ఇందిరాదేవి గల్లాపెట్టె ముందు కుర్చీలో కూర్చుని ఉంది.

“మ వద్దమ్మా. ఈ వారం య తీస్కోండ్రి.”

“అదేం మాట ముష్తాకూ? వారానికో అక్షరం, అక్షరానికో పుస్తకం, నీకు బాగా నచ్చింది తీసి ఇస్తానని ఒప్పందం పెట్టింది నువ్వే. పోయిన వారం భ అయింది. భ తర్వాత మ. మధ్యలో ఎగ్గొడితే ఎలా?”

“ఎగ్గొడ్తే ఎవలేమంటరు? య ల మంచి పుస్తకం ఉన్నది. ‘యాత్రకు పోని మనిషి’. రెండు వందల పేజీలు. ఒక్క దాంట్లనే కథ ఒడుస్తది. రెండో భాగం గిట్ల ఏం లేదు.”

“రెండో భాగం ఉన్నది నువ్వెలాగూ ఇవ్వవులే. ఆ సంగతి ఒక్కసారే చెప్పాను, గుర్తు పెట్టుకున్నావు.”

“ఎట్ల మర్చిపోత అమ్మా? రత్తయ్యన్నకు ఆస్పత్రిల మొదటి భాగం చదివి వినిపిచ్చిండ్రు. రెండోది నా తానకొచ్చి తీస్కపోయేలోపట…”

“పోయాడు మా ఆయన. ‘తర్వాతేమైందే ఇందిరా’ అంటూనే పోయాడు. ఆ రెండో భాగం ఇవాళ్టికీ నేను విప్పలేదు. వద్దులే, ఆ మాటెందుకిప్పుడు. మ ఇవ్వు.”

“మ ల మంచివి లేవు.”

“మ లో మంచివి లేవా! క కి ‘కంకర రోడ్డు’ ఇచ్చావు, గ కి ‘గానుగ ఆగిన రోజు’ ఇచ్చావు. చెరకు బళ్ళు బారులు తీరి నిలబడతాయే, అక్కడ మా ఆయన గొంతు వినపడినట్టే ఉందనుకో. చ కి ఇచ్చిన ‘చిల్లుల గొడుగు’ మాత్రం నాకు నచ్చలా. ఆ పిల్ల ఊరికే ఏడుస్తుంది. ఇన్ని అక్షరాలకి పుస్తకం తీసిచ్చినవాడివి, ఒక్క మ కి దొరకలేదంటే నేను నమ్మాలా?”

“గవన్ని మంచిగనే యాదికున్నయి మీకు.”

“ఎందుకుండవు? మతి పోయిందనుకున్నావా?”

“లేదమ్మా, లేదు. నేనట్ల అనలే.”

“మరి? మ లో ఒక్కటీ లేదూ?”

“ఒకటున్నది. గానీ బయటికి పోయింది. ఆత్మారాం తీస్కపోయిండు.”

“ఆటో ఆత్మారామా? వాడు పుస్తకాలు చదువుతాడా?”

“వాడు గాదు, వాని భార్య.”

“వాడికి పెళ్ళెప్పుడైంది?”

“అయితది గదా, ఎప్పటికైన.”

“అబద్ధాలాడటం నీకు చేతకాదయ్యా. ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నా. ఆ గల్లాపెట్టె పక్కన ఏదో పెట్టి దాని మీద చెయ్యేసుకు కూర్చున్నావు. తియ్ ఆ చెయ్యి.”

“అమ్మా, ముందుగాల జర నీళ్ళు తాగుండ్రి.”

“నేను నీళ్ళడగలేదే! గ్లాసు ముందే నింపి పెట్టుకున్నావేంటి? తియ్యమంటుంటే… ఇదిగో. ‘మూడో తూము’. ఇది మ కాదూ?”

“మ యే.”

“దొంగా! దీన్ని దాచడం దేనికి? సరే, మన పద్ధతి ప్రకారం కానియ్. ఎందుకు బాగుంటుందో చెప్పు. చివర మాత్రం చెప్పకు.”

“చెప్పాల్నా?”

“చెప్పకుండా ఏనాడైనా ఇచ్చావా?”

“గిది కాలువ మీద పని చేసే లష్కర్ కథ. పొలాలకు నీళ్ళిడిసేటోడు. పేరు పోశయ్య. మూడో తూము తాళం వాని చేతులనే ఉంటది. ఎండలు ముదిరినంక ఒక దినం…”

“వాడి పెళ్ళాం తూము గట్టు మీద దీపం పెడుతుంది. పై అధికారి వచ్చి దాన్ని కాలితో తన్నేస్తాడు.”

“అమ్మా…”

“ప్రమిద నీళ్ళలో పడి కొట్టుకుపోతుంటే ఆవిడ గట్టు వెంట పరిగెడుతుంది. ఎడం కాల్లో తుమ్మముల్లు దిగుతుంది. అయినా ఆగదు. ముష్తాకూ, ఇది నాకెలా తెలుసు?”

“నేనే చెప్పి ఉంట. ఎప్పుడో, మాటల్ల.”

“మాటల్లో చెబితే ఏ కాల్లో ముల్లు దిగిందో కూడా గుర్తుంటుందా? నేను దీన్ని చదివాను.”

“ఎప్పుడో ఏండ్ల కింద చదివిండ్రేమో.”

“చదివుంటే నా గుర్తు ఉండాలిగా. వెనక అట్ట చూడనీ.”

“గదేం చూస్తరమ్మా, మొత్తం గలీజ్ ఉన్నది. వచ్చినోళ్ళందరు గీకి పెట్టిండ్రు.”

“గీకకపోతే ఎలా? చదివిన పుస్తకమే మళ్ళీ పట్టుకుపోకుండా తలా ఒక గుర్తు వేసుకుంటారు. నేను మాత్రం వాపసిచ్చేటప్పుడు ముగ్గు వెయ్యకుండా ఎప్పుడన్నా కదిలానా? ఇదిగో, చేప బొమ్మ పోస్టుమాస్టరుది. ఈ వంకర నక్షత్రం మా వెంకటవ్వ మనవరాలిది. ఇదిగో నా ముగ్గు! చూశావా, చదివానన్నమాట. ఇక్కడ ఇంకోటి ఉంది. ఈ మూలన ఇంకోటి.”

“మీ లెక్కనే వేరే ఎవలన్న వేసిండ్రు గావచ్చు. ముగ్గంటే ఆడోళ్ళందరు వేస్తరాయె.”

“నాలుగు చుక్కల ముగ్గు అందరూ వేస్తారు. నట్టనడుమ ఐదో చుక్క ఎవరు పెడతారు? అది ఆయన పోయాక మొదలెట్టాను. ఆయన కూడా నాతో చదివినట్టుంటుందని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు.”

“నాకు చెప్పిండ్రమ్మా.”

“ఎప్పుడు?”

“ఇడువుండ్రి.”

“మూడు ముగ్గులు. ఒకే పుస్తకం మూడుసార్లు ఇచ్చావా నాకు?”

“మీరే అడిగిండ్రు.”

“అడిగితే ఇచ్చేస్తావా! గడ్డం నెరిసింది, బుద్ధుండక్కర్లా? నేను మ, మ అంటుంటే లోపల్లోపల నవ్వుకున్నావా?”

“తోబ తోబ! గంత మాట అనకుండ్రి. మొదటిసారి వాపసు తెచ్చిండ్రు, ముగ్గేసిండ్రు, చాయ్ తాగి లేవంగనే ‘భ అయింది, ఇక మ ఇవ్వు’ అన్నరు. మస్తు నచ్చింది గావచ్చు, మల్ల చదువుతరు గావచ్చు అనుకోని ఇచ్చిన. రెండోసారి ముగ్గేసుకుంట, ‘చూడు, నాలాంటిది ఇంకొకతె ఉంది ఈ ఊళ్ళో’ అని నవ్విండ్రు. గప్పుడు నా గుండెల రాయి పడ్డది.”

“అయినా ఇచ్చావు.”

“ఇచ్చిన. కాదననీకె నోరు రాలే. మూడోసారి వచ్చి కథ మొత్తం నాకు కొత్తగ చెప్పిండ్రు. కండ్లల్ల నీళ్ళు. ‘ఇన్నేళ్ళలో ఇంత మంచి పుస్తకం ఇవ్వలేదు నువ్వు’ అన్నరు. ఇంటికి పోయి మా బిల్కిస్‌కు చెప్పుకోని ఏడ్చిన.”

“మీ ఆవిడకి కూడా చెప్పావా! ఇంకేం, మైకు పెట్టి ఊరంతా చెప్పు.”

“ఆమె ఎవ్వలకు చెప్పదమ్మా. మీకోసం దువా చేస్తున్నది.”

“ఆ ఫోను మోగుతోంది. ఎత్తవేం?”

“మోగనియ్యుండ్రి.”

“ఎవరు?”

“కల్యాణమ్మ.”

“మా కోడలు కల్యాణియా? బళ్ళో పాఠాలు చెప్పుకునేదానికి ఈ వేళప్పుడు నీతో పనేంటి?”

“పొద్దుగాల నుంచి గిది నాలుగోసారి. ‘అంకుల్, అత్తయ్య మీతోనన్న మంచిగ మాట్లాడతదా? ఇంట్ల ఆర్నెల్ల నుంచి నాతోని మాట లేదు. నేనేం తప్పు చేసిన్నో చెప్పదు. నా మీద ఏం కోపమో మీకన్న తెలుసా’ అని ఒకటే ఏడుపు.”

“కోపమా? దాని మీద నాకు కోపమేంటి! బంగారం లాంటి పిల్ల. నాకు జ్వరమొస్తే వాడు, నా కొడుకు సతీష్‌బాబు, పొలానికి నీళ్ళొచ్చాయని పోయాడు కానీ అది సెలవు పెట్టి నా మంచం దగ్గరే కూర్చుంది.”

“మరి ఎందుకు మాట్లాడరమ్మా?”

“మాట్లాడితే దొరికిపోతాను కదయ్యా! కూరలో ఉప్పేశానో లేదో తెలియదు. వాడు పొలం నుంచి వచ్చాడో రాలేదో తెలియదు. అడిగిందే మళ్ళీ అడుగుతున్నానేమోనని భయంతో నోరు కట్టేసుకున్నా. ఊరుకుంటే కోపమనుకుంటారు. అనుకోనీ. కోపమున్న అత్తని బస్సెక్కనిస్తారు. మతిలేని అత్తని ఎక్కనివ్వరు.”

“ఎక్కనియ్యకపోతేనే మంచిదేమో.”

“ఏమన్నావు?”

“రెండు వారాల కింద, గదే మూడోసారి వచ్చిననాడు, మల్ల మ అడిగిండ్రు. నాకు ఏం చెప్పాల్నో తోచక, కరెంటు పోయింది, దుకాణం బంద్ చేస్తున్న అని చెప్పి ఉత్త చేతులతోని తోలిచ్చిన. మీరు వర్ని బస్సు ఎక్కలే. కందకుర్తి బస్సు ఎక్కిండ్రు. గోదావరి కాడ మెట్ల మీద ఒక్కలే కూసున్నరు. గటు దిక్కు పోయిన ఆత్మారాం చూసి, ఆటోల తెచ్చి ఇంటికాడ దించిండు.”

“నేను కందకుర్తి ఎందుకు పోతాను?”

“రత్తయ్యన్న అస్తికలు కలిపింది గక్కడనే గదా.”

“…ఆ నీళ్ళు ఇటివ్వు.”

“ఇగో. మెల్లగ తాగుండ్రి.”

“గుర్తు లేదు ముష్తాకూ. ఒక్క మెట్టు కూడా గుర్తు లేదు. భయమేస్తోంది నాకు.”

“నాకు గూడ భయమే అమ్మా. గా దినం మీకేమన్న అయితే నన్ను నేను మాఫ్ చేసుకోకపోతుంటి.”

“కానీ ఈ గురువారాలు కూడా పోతే ఇక నాకేం మిగులుద్ది చెప్పు? య ఉంది, ర ఉంది, ల, వ… హ దాకా పోదామనుకున్నాం. చదివింది నిలవకపోతే పోయింది, చదివినంతసేపూ బానే ఉంటున్నానుగా!”

“గది నిజమే. గానీ గా పిల్ల ఏడుస్తున్నదమ్మా. అబద్ధం చెప్పనీకె నోరు వస్తలేదు. నిజం చెప్దామంటే మీరు ఒట్టు పెట్టిచ్చుకున్నరు.”

“నేనా? ఒట్టెప్పుడు పెట్టించుకున్నా?”

“గదే… గిప్పుడు పెట్టిచ్చుకుంటరు గదా అని.”

“పెట్టించుకుంటా. నువ్వు దానికి ఒక్క ముక్క చెప్పకూడదు. నేనే చెప్తా. ఇంటికెళ్ళి, అది బడి నుంచి రాగానే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తా.”

“గిప్పుడే ఫోన్ చేసి చెప్పరాదు?”

“ఫోనులో చెప్పే మాటా ఇది? అది ఏడుస్తుంటే కళ్ళు తుడవడానికి నేను పక్కనుండొద్దూ? సాయంత్రం చెప్తా. మా ఆయన మీద ఒట్టు. ఇక చాలా?”

“ఖచ్చితంగ చెప్తరా?”

“ఒట్టేశాక కూడా అడుగుతావేంటయ్యా!”

“అయితే ఒక్క పని చేయుండ్రి. యాదికుండెతట్టు రాసి పెట్టుకోండ్రి. గీ పుస్తకంలనే.”

“అద్దె పుస్తకంలోనా? పేజీ మూల మడిస్తేనే మీదపడి కరిచేవాడివి!”

“గియ్యాల ఏమనను. వెనక అట్టకు ముందర తెల్ల కాగితం ఒకటి ఉంటది చూడుండ్రి. దాన్ని తిప్పి, అవతలి దిక్కు రాయుండ్రి.”

“ఇవతల వైపు కూడా ఖాళీయేగా?”

“అవతలి దిక్కే రాయుండ్రి అమ్మా. నా మాట వినుండ్రి.”

“నీ చాదస్తం పాడుగాను. ఏమని రాయను? ‘కల్యాణికి ఈ రోజే చెప్పాలి.’ అంతేగా? పెన్నివ్వు. ఈ కాగితమేనా?”

“అదే. తిప్పుండ్రి.”

“ఆఁ, తిప్పుతున్నా.”

“అమ్మా?”

“ఇక్కడ ముందే ఏదో రాసుంది.”

“చదువుండ్రి.”

“‘కల్యాణికి ఈ రోజే చెప్పాలి. ఆయన మీద ఒట్టు.’ ఇది నా రాత. కింద తారీఖు వేసుంది. ఇది… ఇది పోయిన గురువారం కదూ?”

“అవునమ్మా.”

“అంటే ముగ్గులు చూడటం, నిన్ను తిట్టడం, ఈ నీళ్ళు, ఈ ఒట్టు…”

“అన్ని అయినయి. గిదే కుర్చీల కూసోని. పుస్తకం గీడనే ఇడిసిపెట్టి, ఇంటికి పోయి చెప్త అని మీరు బస్సు ఎక్కిండ్రు. నేను వారమంత ఎదురుచూసిన. పొద్దుగాల కల్యాణమ్మ ఫోన్ చేస్తే తెలిసింది, మీరు చెప్పలేదని. నా నోటితోని మీకు చెప్పనీకె నాకు చేతగాలే. మీ రాతనే మీకు చెప్తదని తిప్పిచ్చిన. మాఫ్ చేయుండ్రి.”

“ఆయన మీద ఒట్టేసి కూడా మర్చిపోయాను.”

“అమ్మా, ఏడ్వకుండ్రి. నన్ను తిట్టుండ్రి గావాలంటే.”

“నిన్ను తర్వాత తిడతాను. ఆ ఫోను ఇటివ్వు.”

“సాయంత్రం ఇంటికాడ, ఎదురుంగ కూసోబెట్టుకోని అన్నరు గదా?”

“ఇంటికి చేరేలోపు ఈ మాట ఏ స్టాపులో దిగిపోతుందో ఎవరికి తెలుసు? నొక్కు దాని నంబరు.”

“ఇగో. పోతున్నది. మాట్లాడుండ్రి.”

“హలో, కల్యాణీ? నేనేనే, అత్తయ్యని. ముష్తాక్ కొట్లోనే ఉన్నా, బానే ఉన్నా. నీ మీద నాకు కోపం లేదే అమ్మాయ్, ఎప్పుడూ లేదు. అయ్యో, ఏడవకు, ముందు నా మాట విను… నేను మర్చిపోయేలోపు వినెయ్యి.”