తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి

మోరిస్‌విల్‌లో ఒక హార్డ్‌వేర్ షాపు, తాళాల వరస, శనివారం మధ్యాహ్నం. పర్సిస్ ఎయిర్‌పోర్టు చెకిన్ కౌంటర్లో పనిచేస్తుంది. తాళం ఎంచిపెట్టమని చర్చి పెద్ద ఇమ్మాన్యుయేల్ గారు పిలిస్తే కాదనలేక వచ్చింది. ఆ తాళం సోమవారం ఫ్లైట్లో జార్జియాకి తీసుకెళ్ళే తుపాకీ పెట్టెకని షాపులో అడుగుపెట్టాకే ఆయన నోరు విప్పాడు.

“ఆ ఎర్ర గుర్తున్న తాళం పెట్టేయండి అంకుల్. అది సూట్‌కేసులకి. తుపాకీ పెట్టెకి పనికిరాదు.”

“ఎయిర్‌పోర్టు వాళ్ళు ఒప్పుకుంటారని రాసుందిగా దానిమీద?”

“దాంతోనే గొడవ. దాని మారు తాళంచెవి వాళ్ళ దగ్గర ఉంటుంది. తుపాకీ పెట్టె తాళంచెవి అయినా, నంబరైనా తీసుకెళ్ళే మనిషి దగ్గరే ఉండాలి. ఇంకొకరి దగ్గర ఉండకూడదు. రూల్ అది.”

“ఇంకొకరి దగ్గర ఉండనే కూడదా?”

“ఉండకూడదు.”

“ఇంట్లోవాళ్ళ దగ్గరైనా?”

“మీ ఇంట్లో ఇప్పుడు ఎవరు... సారీ అంకుల్.”

“ఫర్లేదులేమ్మా. మీ కరుణ ఆంటీ పోయి నాలుగు నెలలైంది. అందరూ ఇలాగే మాట మధ్యలో ఆగిపోతున్నారు. ఇదిగో, ఈ నంబర్ల తాళం ఎలా ఉంది?”

“గట్టిదే. మీ పెట్టెకి తాళాలేసే కన్నాలెన్ని?”

“నాలుగు.”

“నాలుగు తాళాలూ కొనండి. రెండే వేసి ఊరుకుంటే మూల పట్టుకుని ఎత్తినప్పుడు చెయ్యి దూరుతుంది. అలాంటివి మేం వెనక్కి పంపేస్తాం. అయినా కార్లో వెళ్తే ఆరేడు గంటలేగా జార్జియాకి. ఈ తాళాల గోలే ఉండదు.”

“అంతసేపు డ్రైవ్ చెయ్యలేనమ్మా. కళ్ళు సరిగా ఆనట్లేదు.”

“మొన్న రెండున్నర గంటలు నడుపుకుంటూ షార్లెట్ వెళ్ళి అదే రోజు తిరిగొచ్చారుగా.”

“అది వేరు. సరే, నాలుగింటికీ ఒకే నంబర్ పెట్టొచ్చా?”

“పెట్టొచ్చు.”

“అయితే నువ్వు పెట్టు. పెట్టి, నాకు చెప్పకు.”

“మీకు చెప్పకపోతే మీరెలా తెరుస్తారు?”

“నేను తెరవను.”

“కౌంటర్లో తెరిచి చూపించమంటారు. తుపాకీలో తూటాలు లేవని చూపించాలి.”

“నువ్వుంటావుగా అక్కడ. సోమవారం పొద్దున డ్యూటీ నీదేగా?”

“నా డ్యూటీ కనుక్కుని మరీ టికెట్ తీసుకున్నారా?”

“కనుక్కోడమని కాదు, మీ నాన్న మాటల్లో అన్నాడు.”

“అంకుల్, అసలు ఆ తుపాకీ ఎవరిది?”

“నాదే.”

“మీదే అయితే నంబర్ నాకెందుకు? మన చర్చి వినయ్ కుమార్‌ది కాదుగా? వాడింకా వీసా మీద ఉన్నాడు, అంత తేలిగ్గా తుపాకీ కొనలేడు, వేటకి పోతానని ఊరికే అంటుంటాడు. మీ పేరు మీద కొనిపించి...”

“ఛ ఛ. రసీదు చూపించమంటావా? మన సబ్‌డివిజన్‌లో ఇళ్ళల్లో వరసపెట్టి బంగారం దొంగతనాలు జరిగాయి చూడు, అప్పుడు కొన్నా. కరుణ నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. బైబిలూ అదీ ఒక కప్పు కింద ఉండటానికి వీల్లేదంది.”

“జార్జియాలో ఎక్కడికి తీసుకెళ్తున్నారు?”

“అట్లాంటా వైపు.”

“అట్లాంటా వైపు అంటే?”

“అదే, అల్ఫారెట్టా.”

“అల్ఫారెట్టాలో మీ మనిషి ఒక్కరే ఉన్నారు.”

“ఇది వానకి తుప్పు పట్టదంట చూడమ్మా.”

“తుప్పు సంగతి తర్వాత. నీళ్ళు నమలకండి. ప్రేమానందం అంకుల్ ఇంటికేనా?”

“తమ్ముడింటికి అన్న వెళ్ళకూడదా?”

“వెళ్ళొచ్చు. ఏడేళ్ళు మాటల్లేకుండా ఉండి, ఇప్పుడు తుపాకీ పట్టుకుని వెళ్ళకూడదు.”

“మెల్లగా మాట్లాడు. ఆయనెవరో మనల్నే చూస్తున్నాడు.”

“చూడనివ్వండి. చర్చి రెండుగా చీలిన రోజు మీరిద్దరూ కలబడబోతే మధ్యలో నిలబడింది మా నాన్న. ‘మళ్ళీ వాడి మొహం చూస్తే నా పేరు మార్చుకుంటా’ అని మైకులో అన్నారు మీరు. సండేస్కూల్ పిల్లలతో సహా అందరం విన్నాం.”

“అన్నాను.”

“ఆంటీని సమాధి చేసిన రోజు కూడా ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు. కార్లోనే కూర్చుని, అయ్యాక వెళ్ళిపోయారు.”

“నేనే వద్దన్నా.”

“ఇప్పుడు మీరొస్తున్నట్టు ఆయనకి తెలుసా?”

“తెలుసు. ఫోన్ చేస్తే పెట్టేశాడు. మళ్ళీ చేశా.”

“ఏమన్నారు?”

“తుపాకీ తీసుకురా అన్నాడు. అక్కడ తుపాకీల డీలర్ దగ్గర కాగితాలు రాయించి వాడి పేరు మీదకి మార్చుకుంటాడు.”

“నన్ను నమ్మమంటారా? వదిలించుకోవాలంటే ఇక్కడ షాపులు లేవా?”

“రెండుసార్లు వెళ్ళా షాపుకి. రెండుసార్లూ కారు దిగకుండా వెనక్కి తెచ్చుకున్నా.”

“ఎందుకని?”

“వదలబుద్ధి కాలేదు.”

“ఆ మాటకే నా గుండెల్లో రాయి పడింది అంకుల్. పోనీ మా నాన్నకివ్వండి. మా ఇల్లు రెండు మైళ్ళు. గరాజ్‌లో సేఫ్ ఉంది.”

“మీ నాన్న వద్దు.”

“పాతికేళ్ళ స్నేహం మీది.”

“అందుకే వద్దు.”

“తిన్నగా చెప్పండి, లేకపోతే ఇప్పుడే ప్రేమానందం అంకుల్‌కి ఫోన్ చేస్తా, ఆ మనిషిని ఇంట్లోకి రానివ్వకండని. సోమవారం ఆ పెట్టె నేను తీసుకోను కూడా.”

“ఫోన్ లోపల పెట్టమ్మా. నీకు దణ్ణం పెడతా.”

“ఆయన్నేమైనా చేద్దామనా మీ ఉద్దేశం?”

“వాడినా? వాణ్ణి చేతుల మీద ఎత్తుకుని పెంచాను. వాణ్ణేం చేస్తాను పిచ్చిదానా.”

“మరెవర్ని? మీ భయం ఎవరి గురించి?”

“ఇంట్లో ఆ పెట్టె, నేను. ఇంకెవరూ లేరు. ఇప్పుడు దానికున్న తాళం నంబర్ నాకు తెలుసు. సోమవారం దాకా ఇంకా రెండు రోజులుంది.”

“అంకుల్...”

“కారైతే ఆరేడు గంటలు నా వెనకాలే ఉంటుంది, ఎక్కడైనా ఆపుకోవచ్చు. ఫ్లైట్ అయితే కౌంటర్లో ఇచ్చేస్తే మళ్ళీ దిగేదాకా నా చేతికి రాదు. అందుకని ఫ్లైట్. అందుకని నువ్వు. నువ్వేమో తీసుకెళ్ళేవాడి దగ్గరే తాళంచెవి ఉండాలంటున్నావు.”

“ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది మీకు?”

“ఏడవకు. చూస్తున్నారు. తాళం పని చూడు.”

“తాళాలు పక్కన పెట్టండి. పెట్టె ఎక్కడుంది?”

“తాళాలు సరిపోతాయో లేదో చూద్దామని కారు డిక్కీలో తెచ్చా.”

“కారు కీస్ ఇలా ఇవ్వండి. ఇవ్వండి అంకుల్. ఫ్లైట్ లేదు, సోమవారం లేదు. ఈ రోజే నాన్న అల్ఫారెట్టాకి డ్రైవ్ చేస్తాడు, మీ పక్కన నేను కూర్చుంటా. అక్కణ్ణించి మిమ్మల్ని మళ్ళీ ఆ ఇంటికి పంపను. మా ఇంట్లో ఉంటారు. డాక్టర్ దగ్గరికీ నేనే తీసుకెళ్తా. కాదంటే ఇక్కడే నేల మీద కూర్చుంటా.”

“ఇదిగో, తీసుకో. సరేనా?”

“సరే. కానీ ఒక్కటి చెప్పండి. మా నాన్నకి చెప్తే ప్రాణం పెట్టి దాచేవాడు. చర్చిలో ఎవర్ని అడిగినా దాచేవాళ్ళు. అందర్నీ వదిలి, మీరంటే గిట్టని మనిషికి ఇవ్వడమేంటి?”

“మీ నాన్న ముందు నేను ఒక్కసారి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే జాలిపడి తెచ్చి చేతిలో పెట్టేస్తాడమ్మా. చర్చిలో అందరూ అంతే. ప్రేమానందం అయితే, నేను కాళ్ళు పట్టుకున్నా ఇవ్వడు.”