ఏడు వందల ముప్పై తొమ్మిది గాజులు

పాతబస్తీలో వైకుంఠం గాజుల దుకాణం. బేరాల్లేని మధ్యాహ్నం తొమ్మిదో తరగతి మనవరాలు అభిజ్ఞ ఎదురుగా కూర్చుని చార్టు రాస్తోంది. రేపు బడిలో లెక్కల ప్రదర్శన. చార్టు అడుగున ‘నేర్పినవారు’ అన్నచోట ఎవరి పేరుంటుందన్నదే వైకుంఠం గుండెల్లో ముల్లు.

“…మళ్ల చదువు. నిదానంగ.”

“ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు.”

“గంత పెద్దది ఏం జేస్కుంటవ్ బిడ్డా?”

“అది ప్రధాన సంఖ్య తాతా. గన్ని గాజులుంటే సమానంగ కట్టలు కట్టలేవు. ఎట్ల కట్టినా మిగుల్తయి.”

“మొండి లెక్క అను. మా నాయిన గట్లనే అనేటోడు. గది చెప్పెతందుకు కంచన్‌బాగ్ ల్యాబుల రిటైరైన మీ సదాశివ సారే కావల్నా?”

“ఇది ఇంకా మొండిది. చివరి అంకె తీసెయ్, మిగిలింది గూడ మొండిదే. మళ్ల తీసెయ్, మళ్ల మొండిదే. గట్ల తీస్కుంట పోతే ఏడు వందల ముప్పై తొమ్మిది, డెబ్బై మూడు, ఏడు, ఆఖరి దాంక మొండియే. గిట్లాంటియి ఇంకా ఉన్నయి గని అన్నిట్ల ఇదే పెద్దదని సదాశివ సార్ చెప్పిండు.”

“చెప్పిండు, చెప్పిండు. జేబుల నాలుగు పెన్నులు వెట్టుకుంటే సరి. వేళ్ల గణుపుల మీద డజను ఎంచుడు నీకు నేర్పిందెవరు?”

“నువ్వే.”

“అన్నం దినేటప్పుడు గూడ ఆయన ముచ్చటే.”

“అందుకేనా, నిన్న ఛాయ్ హోటల్ కాడ అందరి ముంగట ఆయన లెక్క ఝూటన్నవంట?”

“ఊకనే అన్ననా? ఏడు వందల ముప్పై తొమ్మిది గాజులు ఎంచిన. పదకొండు కట్టలైనయి. ఒక్కోదాంట్ల అరవై ఏడు. ఒక్కటి మిగల్లే. ఆయన్ని గీడికి తోల్కొచ్చి చూపెట్టిన.”

“ఏమన్నడు?”

“ఏమంటడు? ఒక్కో కట్ట ముట్టి సూసిండు. అటిటు సూసిండు. నీ లెక్కే సరి వైకుంఠం అన్నడు, పోయిండు.”

“పదకొండు అరవై ఏడులు ఏడు వందల ముప్పై ఏడే తాతా.”

“గట్లెట్లయితది? నా చేత్తోని ఎంచిన.”

“ఎంచినంక, కట్టే ముందు, రెండు గాజులు తీసి అమ్మవారి పటానికి ఎయ్యలేదా? సరుకు ఎంచినప్పుడల్లా ఏస్తవ్ గద.”

“చెయ్యి దానంతట అదే పోతది బిడ్డా. నాకు యాదికే రాదు. అయినా… ఆయన గూడ ఒప్పుకున్నడు గద?”

“పటం మీద రెండు కొత్త గాజులు ఆయన గప్పుడే సూసిండు.”

“నీకెవరు చెప్పిండ్రు?”

“ఆయనే. ఈడికెళ్లి సీదా మనింటికొచ్చిండు. మీ తాతకు చెప్పకు అన్నడు. చార్టు మీద తన పేరు వద్దు, తాత పేరు రాయమన్నడు.”

“రాసినవా?”

“ఇగో.”

“చదువు.”

“నేర్పినవారు: వైకుంఠం, గాజుల దుకాణం.”

“మళ్ల చదువు.”

“వైకుంఠం, గాజుల దుకాణం.”

“మంచిగున్నది… మస్తుగున్నది. కొట్టెయ్ బిడ్డా. ఆయన పేరే రాయి. గంత పెద్ద అక్షరాలు వద్దు గని.”