క్లబ్బు గుండు మిషను

కరీంనగర్‌లో రాయమల్లు ఇంటి వెనక రేకుల షెడ్డు. బొగ్గుబాయి ల్యాంపు రూములో పని చేసి రిటైరైన మనిషి ఆయన. చొప్పదండి టీచరు అమూల్య, కూలగొడుతున్న బాయి క్లబ్బులో తన తండ్రి ఒకప్పుడు ఆడిన పిన్‌బాల్ మిషనును కొని, రెండు నెలల కింద తెచ్చి బాగు చేయమని ఆయన ముందర పెట్టింది. ఇవాళ తీసుకుపోవడానికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె అడుగుతూనే ఉంది, పాపం రాయమల్లు తప్పించుకుంటూనే ఉన్నాడు.

“అన్ని జేసినవు కాక. లైట్లు ఎలుగుతున్నయి, గంటలు మోగుతున్నయి, రెక్కలు కొడుతున్నయి. గీ రూపాయి ఏసే కాడ ఒక్కటే ఎందుకు ముట్టలే?”

“గదెందుకు బిడ్డా? ఇప్పుడు రూపాయి ఏసెటోడు ఎవడున్నడు? లోపల వైరు కలిపిన. గీ బటన్ ఒత్తు, గుండు దానంతటదే వస్తది. ఒత్తు జర.”

“ఒత్తిన గదా.”

“మల్ల ఒత్తు. సూడు, ఎట్ల ఉర్కుతుందో! గా మూడు డబ్బాలున్నయి సూడు, గుండు తాకుడే ఆలస్యం, ఎగిరి తంతయి. వాటి కాయిల్లు కాలిపోయి ఉండె. ఫ్యాన్లకు వైండింగ్ జేసేటోని కాడికి పట్కపోతె, గిదేం మోటరు తాతా అని నవ్విండు. రబ్బర్లు యాడ దొరుకుతయి? సైకిల్ ట్యూబులు కోసి ఏసిన.”

“మంచిగనే ఉన్నది కాక. నేను గా సంగతి అంటలేను.”

“గీ అంకెల చక్రాలు? తుప్పు వట్టి ఒకదాన్నొకటి కరుసుకొని ఉండె. ఒక్కొక్కటి ఇప్పి కిరసనాయిల్ల కడిగిన. మీ బాపు ఆడుతుంటె గీ చక్రాలు ఆగకపోయేది బిడ్డా. డ్యూటీ దిగి నల్ల మొకంతోనే క్లబ్బుకు అచ్చేటోడు. కండ్లు, పండ్లు తప్ప ఏం కనవడకపోయేది. మేనేజరు సాబు బొంబాయి హరాజుల కొన్కచ్చిండు గీ మిషన్ను. కొన్నడు గని ఆయనకు ఆడరాకపోయేది. మీ బాపే పక్కన నిలవడి నేర్పేటోడు. సాబ్, చేతులతోని గాదు, నడుముతోని ఆడాలె అనేటోడు.”

“నడుముతోనా?”

“మరి! గుండు పక్కకు జారుతుందంటె మిషన్ను జర నడుముతోని నెట్టాలె. జర్రంతనే. లోపలొక తూకం గుండు ఏలాడుతుంటది. ఎక్కువ నెట్టినవనుకో, అది పోయి తగుల్తది, లైట్లన్ని పోతయి, ఆట బందు. ఎంత నెట్టాల్నో మీ బాపు సిద్దిరాములన్నకు ఒక్కనికే ఎర్క. మేము నెడితె బందు వడేది, ఆయన నెడితె గుండు మాటిన్నట్టు పైకి పోయేది.”

“కాక, నువ్వు బాపు ముచ్చట చెప్తుంటె నాకు ఇంకా ఇనబుద్ధయితది. మా అమ్మమ్మోళ్ళ ఇంట్ల ఆయన పేరెత్తితె ఉమ్మేసేటోళ్ళు. నీకు గా సంగతి ఎర్కే. ఎర్కుండే చెప్తవు.”

“ఎర్కుండి ఏం చెప్పిన?”

“గీ రూపాయల పెట్టె తాళం అడిగిన ప్రతిసారి బాపు ముచ్చట తెస్తవు.”

“తాళం లేదన్న గదా బిడ్డా. క్లబ్బోళ్ళు ఇయ్యలే.”

“ఇచ్చిండ్రు. నా చేతికే ఇచ్చిండ్రు. నేను నీ చేతుల వెట్టిన.”

“అట్లనా? ఇచ్చినవా? యాడనో పడ్డది మరి. గీ షెడ్డుల ఏం దొరుకుతది?”

“నీ మొలతాడుకు ఏంది కాక గది?”

“ఇదా? ఇది బీరువది.”

“గింత సన్నగ ఉంటదా బీరువ తాళం?”

“చిన్న బీరువ. చాయ తాగుతవా? మీ చిన్నమ్మ పెట్టమంటె పెడ్తది.”

“చాయ వద్దు. అవ్వ బయట ఆటోల కూసున్నది. పొద్దుగాల కొండగట్టుకు పోయి దండం పెట్టుకొని ఇటే అచ్చినం.”

“మా వదినె, మీ అమ్మ అచ్చిందా? గియ్యాలనా? ముందుగాల చెప్పద్దా నువ్వు!”

“ఎందుకు, పారిపోదువా?”

“గదేం మాట!”

“నవ్వుకే అన్న కాక. లోపలికి రమ్మంటె, ముందు నువ్వు జూసి రాపో అన్నది. గిదిగో, ఎనుకటి పెద్ద రూపాయి. బాపు అంగీ జేబుల మిగిలిందట, గిన్నేండ్లు పెట్టెల దాసింది. గీ రూపాయి ఏసి ఒక్క ఆట ఆడుతదట. బటన్ ఒత్తుడు గాదు, రూపాయి ఏసుడే. మిషన్‌కు అడ్డమొచ్చి ఆనుకున్నవేంది కాక?”

“షుగరు బిడ్డా. పొద్దుగాల సంది ఏం తినలే.”

“ఏస్తున్న మరి. అరే, పోతలేదు. సగం పోయి ఆగింది. లోపల ఏదో అడ్డమున్నది కాక.”

“తియ్యి, తియ్యి! ఇరుకుతది.”

“ఏమున్నది లోపల?”

“ఏముంటది, తుప్పు.”

“తాళం ఇయ్యి.”

“బీరువదని చెప్పిన గదా.”

“ఇయ్యకుంటె స్క్రూడ్రైవర్‌తోని పెకిలిస్త. తలుపు వంగుతది, రెండు నెలల నీ కష్టం పాడయితది. నన్ననద్దు మల్ల.”

“అమూల్యా, నా మాటిను. మిషన్ను గిట్లనే తీస్కపో. నాకేం ఇయ్యకు. గీ పెట్టెను మాత్రం తెరవకు. నీ కాల్లు మొక్కుత బిడ్డా.”

“కాక! గదేం మాట? నాకు భయమయితుంది. ఏమున్నది అండ్ల?”

“ఇగో తాళం. నేను తియ్య. నువ్వే తియ్యి.”

“పెట్టె ఖాళీగనే ఉన్నది గదా. ఆగు, పైన సందుల పచ్చగ మెరుస్తుంది. వచ్చింది. ఇత్తడిది, గుండ్రంగ ఉన్నది. అంచు ఆకురాయితోని రాసినట్టున్నది. మీద నంబరు... నాలుగు, ఒకటి, ఏడు. గిది బాయి టోకెను గదా?”

“ఔ.”

“బాపు హాజరు కార్డు మీద గీ నంబరే ఉన్నది. అవ్వ ట్రంకుల సూసిన. బాపు టోకెను గిండ్లకు ఎట్లచ్చింది కాక?”

“గా సాయంత్రం జేబుల రూపాయలు ఒడిసినయనుకున్నం. ఇంకొక్క ఆటరా తమ్మీ అన్నడు. టోకెను రూపాయి కంటె ఎంటికంత పెద్దగుంటది. అంచు రాసింది నేనే. లోపలికి పోయి ఇరికింది. క్లబ్బు నౌకరు లేడు, తాళం లేదు. రేపు డ్యూటీ దిగినంక తీసుకుందమనుకున్నం.”

“టోకెను లేకుంటె బాయిల దిగనియ్యరు గదా.”

“దిగనియ్యరు. టోకెను ఇస్తెనే టోపీ లైటు ఇస్తరు. లైటిచ్చి టోకెను బోర్డుకు తగిలేస్తరు. మనిషి మీదికొచ్చి లైటు వాపసిస్తె టోకెను వాపసు. బోర్డు మీద ఎన్ని టోకెన్లుంటె లోపల అంతమంది ఉన్నట్టు.”

“తెల్లారే గదా బాయిల పైకప్పు కూలింది?”

“తెల్లారే. బోర్డు మీద ఐదు టోకెన్లు మిగిలినయి. ఐదుగురన్నరు. లోపల మంట లేసింది, ఎవ్వలు బతికుండరని ఇటుక గోడ కట్టి దారి మూసిండ్రు. రాయి మీద ఐదు పేర్లు చెక్కిండ్రు.”

“మా బాపు పేరు లేదు. టోకెను లేదు గాబట్టి దిగలేదన్నరు. దిగనోడు ఇంటికి రాలే గాబట్టి ఎవతెతోనో పోయిండన్నరు. బళ్ళె నాకు పేరు లేకుండె కాక, లేచిపోయినోని బిడ్డ అంటెనే గుర్తువట్టేటోళ్ళు. గా పొద్దుగాల ల్యాంపు రూముల ఎవలుండె?”

“బిడ్డా...”

“ఎవలుండె?”

“నేనే ఉన్న.”

“బాపు అచ్చిండా?”

“నాకు నౌకరి దొరికి నాలుగు నెలలు బిడ్డా. ముందల పని చేయించే సర్దారు నిలవడి ఉర్కిస్తుండు...”

“అచ్చిండా, రాలేదా?”

“అచ్చిండు.”

“లైటిచ్చినవా?”

“గా దినం లైను పెద్దగుండె బిడ్డా, అందరు ఉర్కులాడుతుండ్రు.”

“కాక, లైటిచ్చినవా?”

“ఇచ్చిన. టోకెను మాపటీలి తెచ్చిస్త అన్నడు. అన్న ఎట్ల గాదంట? ఇచ్చిన. బుక్కుల రాయలే. తర్వాత గా లైటు రిపేరుల ఉన్నదని రాసిన.”

“గోడ కట్టేటప్పుడు చెప్పలేదా? లోపల ఇంకొకడున్నడని?”

“చెప్పలే.”

“గోడ కడుతుంటె నిలవడి సూసినవా?”

“సూసిన. టోకెను లేకుంట లైటిచ్చినోన్ని జైల్ల ఏస్తరన్నరు. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకుంటనే ఉన్న. గోడ అయిపోయింది.”

“మరి బల్లార్షా రైలుబండి? బాపు బండెక్కుతుంటె సూసినోళ్ళున్నరని అవ్వ అంటది. సూసింది ఎవలో ఎన్నడు చెప్పలే. ఎవలు కాక?”

“పోలీసోళ్ళు ఊకె అడుగుతుంటె నోట్లకెళ్ళి అచ్చింది.”

“నీ నోట్లకెళ్ళా?”

“నేనే అన్న. ఒక ఆడామె గూడ ఎంబడి ఉన్నదన్న. ఎందుకన్ననో ఇప్పటికి సమజ్ గాదు. భయం బిడ్డా. ఒక అబద్ధం ఆడినంక దానికి బట్టలు తొడుగుకుంట పోయిన.”

“అంటె గీ టోకెను కోసమే మిషన్ బాగుజేస్తనన్నవు.”

“ఔ. అన్న పోయినంక క్లబ్బుల గీ మిషన్ను ఎవ్వలు ముట్టలే. నువ్వు తెచ్చిన నాడే పెట్టె తెరిచి సూసిన. తీసి మానేరు వాగుల పారేద్దామని మూడుసార్లు చెయ్యి వెట్టిన. చేతగాలే. తాళం ఏసి మొలతాడుకు కట్టుకున్న.”

“మరి గీ కాయిల్లు, గీ రబ్బర్లు? ఎవలి కోసం చేసినవు గివన్ని?”

“మొదలు నీకు చూపెట్టనీకే చేసిన. చేస్తుంటె చేస్తుంటె అన్న పక్కన నిలవడ్డట్టే అనిపిచ్చింది. ఒక గంట మోగంగనే ఆయన నవ్వు ఇనవడేది. నా బతుకుల మంచి దినాలంటె గీ మిషన్ ముందలియే బిడ్డా. అన్నను గోడెనుక ఇడిసిపెట్టినోన్ని, ఆయన ఆడిన మిషన్ను బాగుజేస్తె కడుపుల మంట జర సల్లవడ్తదేమో అనుకున్న. సల్లవడలే.”

“అవ్వను పిలుస్త.”

“వద్దు! అవ్వకు చెప్పకు అమూల్యా. ముప్పై నాలుగేండ్ల సంది బొట్టు వెట్టుకుంటుంది. ఇప్పుడు గీ మాటింటె ఆమె పానం ఆగదు.”

“అవ్వ పానం కోసమా, నీ కోసమా?”

“ఇద్దరి కోసం. అబద్ధమెందుకు, నా కోసమే ఎక్కువ.”

“ముప్పై నాలుగేండ్లు... అవ్వా! నువ్వెప్పుడచ్చినవు?”

“గంటలు మోగినయి గదనే. మీ బాపు ఆడుతున్నట్టే అనిపిచ్చి దిగొచ్చిన. తలుపు కాడ్నే నిలవడ్డ.”

“వదినె, ఇన్నవా?”

“ఇన్న రాయమల్లు. గా టోకెను ఇటియ్యి అమూల్యా.”

“చెప్పుతోని కొట్టు వదినె. నీ కాల్ల చెప్పుతోని కొట్టు నన్ను.”

“ఊకో. లే, కాల్లిడువు. నేను దాసిన ముచ్చట గూడ ఒకటున్నది. టోకెను మిషన్ల ఇరికిందని నాకు గా నాడే ఎర్క.”

“ఏమంటున్నవే అవ్వా?”

“పొద్దుగాల సద్ది డబ్బ అందుకుంట మీ బాపే జెప్పిండు, నవ్వుకుంట. నాకు మండింది. నువ్వు సంకల ఉన్నవు, జరమొచ్చి రాత్రంత ఏడ్సినవు. బువ్వ పెట్టే టోకెను ఆటల ఏసినవా, ఇగ గా మిషన్నే పెండ్లం జేసుకో, గీ గడప తొక్కకు అన్న. గంతే. ఆయన తొక్కలే.”

“గీ ముచ్చట బాయి సార్లకు ఎందుకు చెప్పలే నువ్వు? చెప్పి ఉంటె టోకెను లేకున్నా దిగిండని అప్పుడే తెల్సు గదనే!”

“ఎట్ల జెప్పుదు బిడ్డా? రావద్దన్నది నేను. బండెక్కిండని రాయమల్లు అనంగనే, ఔ, పోయే ఉంటడు, నేనే ఎల్లగొట్టిన అనుకున్న. అనుమానం గూడ రాలే నాకు. మొగన్ని తిట్టి తరిమిందని నలుగురు అంటరని నోరు మూసుకున్న. గా నాటి సంది ఇంటి తలుపుకు గొళ్ళెం పెట్టలే. కోపం తీరితె అస్తడని.”

“వదినె, గా పాపం నాదే. నీదేం లేదు.”

“నాకు నువ్వు చెప్పకు. నేనడిగిందానికి చెప్పు. లైటు అందుకుంట ఏమన్నడు? కోపంతోనే దిగిండా?”

“లేదు వదినె.”

“నా మొకం సూసి చెప్పు. ఇంకొక్క అబద్ధం ఆడినవంటె...”

“అబద్ధమాడ వదినె. నవ్వుకుంటనే అచ్చిండు. మీ వదినె ఇంటికి రావద్దన్నదిరా తమ్మీ, నేను పోయేటాల్లకు పుంటికూర పప్పు వండి ఎదురు సూస్తుంటది సూడు అన్నడు. లైటు టోపీకి పెట్టుకొని పోయిండు. గవే ఆఖరి మాటలు.”

“వండిన.”

“అవ్వా, కూసో. అవ్వా, ఇటు కూసో.”

“పుంటికూర పప్పే వండిన. మూడు దినాలు వండిన.”

“వదినె...”

“నౌకరికి భయపడి లైటు సంగతి దాసినవు, సరే. జైలుకు భయపడి బండెక్కిండన్నవు, సరే. గీ ఒక్క మాట, గీ ఒక్క మాట ముప్పై నాలుగేండ్లు నీ కాడ ఎట్ల వెట్టుకున్నవు రాయమల్లు?”