డెల్మర్ చూసిన పుట్టగొడుగు

ఏటా ఏప్రిల్‌లో ఊళ్లోవాళ్లని అడవి బాట మీద వసంత నడకకి తీసుకెళ్లే క్లైడ్‌కి ఈసారి మోకాలు పట్టేసింది. శనివారం అందరి ముందూ నడిచే మనిషిని ఎంచుకోవాలని దాణా కొట్టు వసారాలో అందరూ కాఫీ కప్పులతో చేరారు. ఆ పెద్దరికం తనకే దక్కాలని డెల్మర్‌కి మహా కోరిక. ఎవరూ నోరు తెరవకముందే అందుకున్నాడు.

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని మీకు తెలుసుగా. నిన్న పొద్దున ఊరికే కాళ్లు సాగదీద్దామని బాటెక్కానా, మొదటి మలుపులోనే ఒక మోరెల్ పుట్టగొడుగు, ఇదిగో, బొటనవేలంత. పోనీలే, చిన్నది కదా అని వదిలేశాను. కాస్త ముందు ఇంకోటి, మోచేతంత. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇంకోటి," అన్నాడు కొట్టు యజమాని లోనీ.

"మధ్యలో అడ్డుపడకు. నీడ పడింది. ఎండ ఏమైందా అని తలెత్తితే పైన పుట్టగొడుగు. దాని కింద ఒక జింక, పిల్లల్ని వెంటేసుకుని, వాన వెలిసేదాకా నిలబడింది."

"నిన్న వానెక్కడిదయ్యా?" అన్నారెవరో.

"మీకు పడలేదేమో, అక్కడ పడింది. అంత పెద్దదాని దగ్గర ఎండావానా దాని ఇష్టం. సరే, కోద్దామని చాకు తీశానా, లోపల ఎవరో గురక పెడుతున్నారు. మోరెల్ లోపలంతా బోలే కదా, తొంగి చూశాను. ఎలుగుబంటి. లే నాయనా, ఏప్రిల్ వచ్చింది అని తట్టాను. పాపం, సిగ్గుపడిపోయింది. రెండు గంటలు నాతోపాటు రంపం రెండో కొస పట్టుకుని కాడ కోసింది."

"చాకు అన్నావు. రంపం ఎక్కడిది?" అన్నాడు లోనీ.

"ఎలుగుది."

క్లైడ్ కాఫీ వొలకబోసుకున్నాడు.

"నమ్మకపోతే పోయి చూసుకోండి," అన్నాడు డెల్మర్. " రెండో వంతెన దాటాక ఎడమ పక్క ఎండిపోయిన ఎల్మ్ చెట్టు, సరిగ్గా దాని మొదట్లో. కోసిన మొదలు ఇంకా అక్కడే ఉంది. ఆ అడవిలో నాకు తెలియని అంగుళం లేదు. శనివారం నా వెనక నడవండి, తలా ఒక బుట్టెడు ఇప్పిస్తాను."

మూల కుర్చీలో వెర్లా అత్త కప్పు కింద పెట్టింది. ఎనభై దాటిన మనిషి. మోరెల్ ఎంత రుచో అంత అరుదు, చోటు తెలిస్తే తప్ప దొరకదు. ఆమె మాత్రం ప్రతి వసంతంలోనూ రెండు బుట్టల మోరెల్స్‌తో అడవిలోంచి వస్తుంది, అవి ఎక్కడివో ఈ జిల్లాలో ఎవరికీ తెలియదు.

"డెల్మరూ, జింకని నమ్మాను. ఎలుగునీ, దాని రంపాన్నీ కూడా నమ్మాను. కానీ మోరెల్ దొరికినవాడు చోటు చెప్పడురా. నలభై ఏళ్లు కాపురం చేసిన మా ఆయన, మంచాన పడి, పోయే ముందు అడిగాడు. అప్పుడూ చెప్పలేదు. నువ్వేమో అడగకుండానే వసారా మొత్తానికి చెప్పేశావు. అంటే నీకు పుట్టి బుద్ధెరిగాక ఒక్కటీ దొరకలేదన్నమాట."

వసారా ఘొల్లుమంది. డెల్మర్ మొహం కందగడ్డయింది. టోపీ తీసుకుని మెల్లిగా లేవబోయాడు.

"అయితే శనివారం నువ్వే నడిపించు అత్తా," అన్నాడు క్లైడ్.

"నేనెందుకు? వాణ్ణే పంపు."

"ఇప్పుడేగా నువ్వే వాడి గాలి తీశావు?"

"అందుకే అంటున్నా. ఊరందరినీ వెంటేసుకుని పొద్దస్తమానం తిరిగినా, వీడు మనం ఎవరికి వాళ్లం దాచుకున్న చోట్ల దరిదాపులకి కూడా రాలేడు."

నవ్వులు ఆగిపోయాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోనీ ముందుగా చెయ్యెత్తాడు, తర్వాత క్లైడ్, ఆ తర్వాత మిగిలినవాళ్లంతా.