అక్క కడిగిన ఫ్లాపీ

వారం రోజులుగా పాత కంప్యూటర్ ముందు దిగులుగా కూర్చుంటున్న తమ్ముడు, ఆ ఉదయం వంటింటి తీగకు వేలాడుతున్న పల్చటి నల్ల బిళ్ళను చూసి గుండె పట్టుకున్నాడు.

"అక్కా! అది నా ఫ్లాపీ లోపలి బిళ్ళ కదూ?"

"అవును. బూజు పట్టిందని ఏడుస్తున్నావుగా. కవరు కోసి, బయటికి తీసి, గిన్నెల సబ్బుతో కడిగాను."

"కడిగావా! మిషన్‌ని లేపే ప్రోగ్రాం అదొక్కదాంట్లోనే ఉందే తల్లీ! రెండేళ్ళు కూర్చుని ఆ మిషన్‌కి ఒక్కో తీగా అతికించాను. ఇప్పుడది ఉత్త డబ్బా!"

"అరవకు. పాటల క్యాసెట్టు తడిస్తే రీలు ఆరబెట్టుకుని వినలేదూ మనం? ఇదీ ఆ రకమే. రుద్దలేదు, మెత్తటి గుడ్డతో అద్దానంతే."

తమ్ముడు బిళ్ళను వెలుతురుకు పట్టి చూశాడు. మచ్చ ఒక్కటీ లేదు. దాన్ని ఇంకో ఫ్లాపీ ఖాళీ కవరులోకి దూర్చి మిషన్‌లో పెట్టాడు. గరగరమని చప్పుడైంది.

"పోయింది," అన్నాడు.

"నీ నోట మంచి మాటే రాదట్రా? తెర చూడు."

తెరమీద పచ్చటి అక్షరాలు వరుస తర్వాత వరుస వస్తున్నాయి.

"లేచిందే అక్కా! నీ చేతులకు దండం. అటకమీద బూజు పట్టినవి ఇంకో ముప్పై ఉన్నాయి."

"దండాలు తర్వాత పెడుదువుగానీ, ముందు చొక్కా చేతులు మడుచుకో. సింకు ఖాళీగానే ఉంది."