గోడమీది పత్రిక – ఏడు దినాల గడువు

1987 ఆగస్టు పదిహేడవ తేదీ సోమవారంనాడు దక్షిణ కరోలినాలోని మా మౌంట్ హెర్మన్ కళాశాల గ్రంథాలయంలో సహాయకురాలిగా చేరిన శ్రీమతి లూవీనియా గాడ్సన్‌గారు, ముప్ఫైయేడు సంవత్సరాల సేవానంతరం ఈ మాసాంతాన ప్రధాన గ్రంథపాలకురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారి సన్నిధిలో పనిచేసే భాగ్యం కలిగించిన పరమేశ్వరునికి ముందుగా కృతజ్ఞతాస్తుతులు.

1998లో పాత పత్రాల విభాగం వారి అధీనంలోకి వచ్చింది. నల్లజాతి పాఠశాలలూ చర్చిలూ అప్పగించిన పెట్టెలు అప్పటికి మెట్లకింద చెమ్మలో మగ్గుతుండేవి. ఒక్కొక్క కాగితాన్నీ పసిబిడ్డను తుడిచినట్లు తుడిచి ఆమె వాటికి పునర్జన్మ ప్రసాదించారు.

2016 ఫిబ్రవరిలో, నల్లజాతి చరిత్ర మాసాన, మరో మహత్కార్యానికి శ్రీకారం చుట్టారు. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో చోటు దక్కని మనవారి చరిత్రలను విద్యార్థులూ పెద్దలూ కలిసి రాసే సభ అది. ఆ శనివారం ఆమె స్వయంగా మంత్రసాని సెలెస్టీన్ బ్రాటన్‌గారి చరిత్ర రాశారు. ఆధారంగా చూపినది ఆ తల్లి అంత్యక్రియలనాడు పంచిన జీవిత సంగ్రహపత్రం. మనవారు పరిశుద్ధ గ్రంథపు పుటల నడుమ తరతరాలుగా దాచుకునే అటువంటి పత్రానికి మించిన సాక్ష్యం వేరొకటి ఉంటుందని ఆమెకు తోచనే లేదు. సంతోషం పట్టలేక మర్నాడు చర్చిలో ప్రకటించారు కూడా. సోమవారం ఉదయం ఆ సర్వస్వపు సంపాదకులొకరి నోటీసు వెలువడింది: కుటుంబం అచ్చువేయించుకున్న పత్రం చెల్లదు, ఏడు దినాలలో స్వతంత్రమైన ఆధారం చూపకుంటే వ్యాసం తొలగిస్తారు.

బుధవారం ప్రార్థన కూటంలో సెలెస్టీన్‌గారి మనుమరాలు, చర్చిలో అందరూ మదర్ అని పిలిచే ఎనభైయొక్కేళ్ల ఓజెల్లాగారి ఎదుట నిలబడి లూవీనియాగారు ఆ మాట చెప్పారు.

"ఈ ఊళ్లో సగంమందికి మా నాయనమ్మే బొడ్డు కోసింది. నీక్కూడాను! ఇంకేం సాక్ష్యం కావాలట వాళ్లకి?"

"అచ్చులో కావాలంటున్నారు, మదర్."

"అప్పట్లో మనల్ని అచ్చేసిందెవరే తల్లీ?"

వెనుక వరుసనుంచి చర్చి పెద్ద డీకన్ రూఫస్ గొంతు సవరించుకున్నారు. "మా పాతింటి వంటగది గోడకి చలిగాలి రాకుండా మా అమ్మ మనవాళ్ల వారపత్రిక అంటించింది. అందులో సెలెస్టీన్‌గారి బొమ్మ చూస్తూనే పెరిగాను. ఏం, గోడ పీక్కుని రమ్మంటావా?"

"గోడెందుకు డీకన్‌గారూ, తేదీ చాలు!"

గురువారం ఆ గోడ చెంత మోకరిల్లి, పొగచూరిన కాగితంపై ఆమె చదివిన తేదీ 1941 ఏప్రిల్ 12. శుక్రవారం రాష్ట్ర దస్తావేజుల భాండాగారంలో అదే సంచిక మైక్రోఫిల్ము చుట్టపై లభించింది. దాని వెంబడే సెలెస్టీన్‌గారి సేవను ప్రశంసించిన ఆరోగ్యశాఖ నివేదికా దొరికింది. ఆ రెండింటినీ ఆమె వ్యాసానికి జతచేయగా, ఆదివారం ఆరాధనకు ముందే అభ్యంతరం తెలిపినవారు తమంతట తామే దానిని ఉపసంహరించుకున్నారు. వారిని నిందించబోయిన విద్యార్థినితో ఆమె అన్నారు: "అడిగినవాళ్లది తప్పు కాదు బిడ్డా. ఇన్నాళ్లూ మనల్ని రాయనివాళ్లది."

నేటికి ఆ సభల్లో రాసిన రెండువందల పన్నెండు చరిత్రలు చెక్కుచెదరక నిలిచి ఉన్నాయి. ఎందరి పేర్లో చెరిగిపోకుండా కాపాడిన ఈ సాధ్వీమణికి సర్వేశ్వరుడు తరగని ఆరోగ్యాన్నీ, మనుమల సందడినీ, మనశ్శాంతినీ అనుగ్రహించుగాక! ఏనాటికో ఆమె చరిత్ర రాసేవారు జన్మదినం పక్కన వేసిన గీత తరువాత మరో తేదీకి విడిచిన స్థలం చిరకాలం ఖాళీగానే ఉండుగాక!