ముహూర్తాలు చూసి పరీక్షలు పెట్టిన వసంత మేడం

1994 జులై 11వ తేదీన మన విద్యాసమితి వారి సిరిసిల్ల డిగ్రీ కళాశాలలో వాణిజ్యశాస్త్ర అధ్యాపకురాలిగా శ్రీమతి బుర్ర వసంత గారు బాధ్యతలు స్వీకరించారు. వారు బుగ్గారంలో కల్లుగీత వృత్తితో కుటుంబాన్ని పోషించిన బుచ్చన్న గారి పెద్ద కుమార్తె. మరమగ్గాల చప్పుడును మించి వినిపించే కంఠం వారికి సిరిసిల్లలోనే అలవడిందని, దాని ఫలితాన్ని స్టాఫ్ రూములో మేము నేటికీ అనుభవిస్తున్నామని సవినయంగా మనవి చేస్తున్నాను.

2009లో కోరుట్ల కళాశాలకు బదిలీపై విచ్చేసి, క్రమశిక్షణ సంఘం బాధ్యతను వారు తలకెత్తుకున్నారు. రెగ్యులర్ విద్యార్థులు ఎక్కడా కొలువు చేయరాదని, చేస్తే పేరు తొలగిస్తామని నాటి నిబంధన. దానిని వారెంత నిష్ఠతో అమలు చేశారంటే, బట్టల దుకాణంలో చీరలు చూపిస్తున్న మన విద్యార్థిని ఒకామె మేడంను చూడగానే కొనడానికి వచ్చిన గిరాకీలా కూర్చొని, తన చేతిలోని చీరనే బేరమాడిందట!

2017 ఫిబ్రవరిలో పెళ్లిళ్లు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, బీకాం రెండో సంవత్సరం చదివే అరవింద్ ఇంటర్నల్ పరీక్షకు రాలేదు. జ్వరమని కబురు పంపాడు. ఇంకోసారి ఇట్లయితే పేరు తీసేస్తామని అప్పటికే అతనికి హెచ్చరిక ఉంది. ఆ మధ్యాహ్నమే వసంత గారు, నేను రాయికల్‌లో ఒక పెళ్లికి వెళ్లి బంతిలో కూర్చున్నాం. టోపీ పెట్టుకొని బగార అన్నం వడ్డిస్తూ మా ముందుకొచ్చిన క్యాటరింగ్ అబ్బాయి అరవిందే. మేడంను చూసి కొయ్యబారిపోయాడు.

"జ్వరం ఎప్పుడు తగ్గింది బాబూ?"

"ముహూర్తం అయినంక తగ్గింది మేడం."

నాకు నవ్వు ఆగలేదు. అతనికి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా పేరు తీసెయ్యకుండ్రి మేడం. గీ పని లేకుంటే నాకు సదువు లేదు" అని, బకెట్ అక్కడే పెట్టి వంటశాలలోకి పారిపోయాడు. కూర తేవాల్సిందీ అతనే కాబట్టి, మా వరుసకు మటన్ కూర రానే లేదు. వసంత గారు ఉత్త అన్నం కాస్త తిని లేచారు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో అన్నారు: "రూలు మంచిదే శైలజా. గాని, రూలు రాసినోళ్లు ఎన్నడూ ఆకలితోటి కాలేజీకి రాలేదు."

మరుసటి వారం స్టాఫ్ కౌన్సిల్‌కు వారు ముహూర్తాలున్న క్యాలెండర్ చేతబట్టి వచ్చారు. "మేడం, జాతకాలు గూడ చెప్తున్నరా?" అని ప్రిన్సిపాల్ గారు ఆటపట్టించారు. వారు వినిపించుకోలేదు. తల్లిదండ్రుల అనుమతితో తరగతుల వేళ తప్ప మిగతా సమయంలో పని చేసుకోవచ్చని, హాజరులో మాత్రం రవ్వంత సడలింపు లేదని, పెద్ద ముహూర్తాల నాడు పరీక్షలు పెట్టరాదని గంటసేపు వాదించి ఒప్పించారు. తప్పిన పరీక్షను అరవింద్‌తో మళ్లీ రాయించారు. అబద్ధం చెప్పినందుకు మాత్రం పరీక్ష హాలు వాకిట్లోనే చెడామడా తిట్టారు. ఆ తిట్లు నాకు రెండో అంతస్తులో వినిపించాయి.

2019 నుండి జగిత్యాల కళాశాల వైస్ ప్రిన్సిపాల్‌గా వారు అందించిన సేవలకు, పని చేస్తూనే పట్టా పొందిన ఎందరో పిల్లలే సాక్ష్యం. అరవింద్ నేడు సిరిసిల్లలో, ఒకనాడు వారు పాఠం చెప్పిన గదిలోనే పాఠం చెబుతున్నాడు.

నేటి పదవీ విరమణ సభలో ఈ సంచిక మీ చేతికి అందేసరికి భోజనాల వేళ అవుతుంది గనుక రహస్యం చెప్పేస్తున్నాను. అరవింద్ నిన్న నాకు ఫోన్ చేశాడు. "మేడం వరుసకు కూర బకెట్ నేనే పట్టుకొస్త. ఇంకెవ్వలకు ఇయ్యకుండ్రి" అన్నాడు.

వసంత గారూ, భర్త రమేశ్ గారితో, కుమార్తె ప్రణీతతో కలిసి మీరు ఆయురారోగ్యాలతో, అదే గంభీర కంఠంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం. ఇవాళ మాత్రం కూర వచ్చేదాకా బంతిలోంచి లేవకండి.